దివాలా కేసుల్లో అప్పుదారు అప్పీలు హక్కు: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం

అప్పులు తీర్చలేక తానే కోర్టు మెట్లెక్కిన మనిషి ఒకడు. అప్పులవాళ్ళు కోర్టుకు ఈడ్చిన మనిషి ఇంకొకడు. ఆ కోర్టులో వచ్చిన ఉత్తర్వు తనకు అన్యాయం చేసిందని ఇద్దరిలో ఎవరికి అనిపించినా పై కోర్టుకు వెళ్ళవచ్చా? ఏ ఉత్తర్వు మీద, ఏ కోర్టుకు, ఎన్నాళ్ళలోగా? దివాలా చట్టంలో అప్పుదారు అప్పీలు హక్కు అంటే ఈ ప్రశ్నలకు జవాబు. ఇందులో ఒక చిక్కుముడి ఉంది. దివాలా ఉత్తర్వు వెలువడగానే అతని ఆస్తి కోర్టు నియమించే రిసీవరు పరమవుతుంది. ఆస్తే తనది కానప్పుడు దాన్ని ఎవరు కొన్నారు, ఎంతకు కొన్నారు అని అడిగే అధికారం అతనికి ఎక్కడిది? ఇంగ్లండు, అమెరికా, మన దేశం ఈ ముడిని తలో రకంగా విప్పాయి. మన దేశంలో వ్యక్తుల దివాలాకు నేటికీ వర్తిస్తున్న 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం అప్పుదారు పట్ల మిగతావాటికంటే ఉదారంగా ఉంది. ఆ సంగతి అప్పుదారుల్లో చాలామందికి తెలియదు.

ఐపీ

ఆదోని మార్కెట్ యార్డులో గానీ, ఎమ్మిగనూరు సోమప్ప సర్కిల్‌లో గానీ ‘దివాలా పిటిషన్’ అంటే ఒక్క క్షణం ఆలోచిస్తారు. ‘ఐపీ పెట్టినాడు’ అంటే అందరికీ వెంటనే అర్థమవుతుంది. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే కోర్టు మాటలోని రెండు పొడి అక్షరాలు తెలుగులో క్రియాపదంతో కలిసి ఒక నుడికారమైపోయాయి. ఆ నుడికారంలో నింద ఉంది. ఐపీ పెట్టినవాడంటే ఎగ్గొట్టినవాడని ఊరు తీర్మానిస్తుంది. అప్పిచ్చి నష్టపోయినవాళ్ళ కడుపుమంట నిజమే. కానీ చట్టం దృష్టిలో ఐపీ ఎగవేత కాదు. ఉన్న ఆస్తినంతా కోర్టు ముందు పెట్టి, అప్పులవాళ్ళందరికీ వరస ప్రకారం పంచమని అడగడం. అలా అడిగిన మనిషి దాచిపెట్టాడని తేలితే 69వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు కూడా ఉంది.

కర్నూలు పడమటి ప్రాంతంలో అప్పు పంటతోపాటే నడుస్తుంది. ఆదోని పత్తికి, వేరుశనగకు పేరున్న మార్కెట్. ఆ చుట్టూ జిన్నింగ్ ఫ్యాక్టరీలు, నూనె మిల్లులు, కమీషన్ దుకాణాలు. విత్తనాలకు, మందులకు రైతు కమీషన్ ఏజెంటు దగ్గర తీసుకుంటాడు. ఏజెంటు బ్యాంకులోనో, తెలిసినవాళ్ళ దగ్గర ప్రోనోటు మీదనో తెస్తాడు. సరుకు తీసుకున్న మిల్లు డబ్బు ఆపితే ఏజెంటు ఆగిపోతాడు, ఏజెంటు ఆగితే రైతుకు రావలసింది రాదు. వాన తప్పిన ఏడు కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, ఆస్పరి పల్లెల్లో ఇళ్ళకు తాళాలు వేసి జనం సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, పోతారు. ఎమ్మిగనూరుది మగ్గం లెక్క. అక్కడ మాచాని సోమప్ప 1938లో నిలబెట్టిన నేతగాళ్ళ సహకార సంఘం ఎన్నో కుటుంబాలను షావుకారు చేతిలోంచి తప్పించింది. నూలు అరువుకు తెచ్చుకునే నేతగాడి అప్పు మాత్రం పూర్తిగా పోలేదు.

ఇన్ని రకాల అప్పుల్లో ఐపీకి ఎక్కేవి ఏవి? సంఘం మీద ఐపీ కుదరదు. రిజిస్టరైన సంఘాలను, కంపెనీలను 8వ సెక్షన్ మినహాయించింది. ఈ చట్టం వ్యక్తులకూ, భాగస్వామ్య ఫర్మ్‌లకే. కనీసం 500 రూపాయల అప్పు ఉండాలని 1920లో రాశారు. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం. ఇప్పుడు ఎవరి అప్పయినా ఆ గీత దాటుతుంది.

ఏ కోర్టు నుంచి ఏ కోర్టుకు

ఈ చట్టం వచ్చినప్పుడు ఆదోని మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్ళారి జిల్లాలో ఉండేది. ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలోనిదే. జిల్లా కోర్టు బళ్ళారి, హైకోర్టు మద్రాసు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి. హైకోర్టు 1954 జూలైలో గుంటూరుకు, 1956 నవంబరులో హైదరాబాదుకు, 2019 జనవరి 1న అమరావతికి మారింది. చట్టం ఒక్కటే, దాని పై మెట్టు మాత్రం ఒకరి జీవితకాలంలో నాలుగు ఊళ్ళు తిరిగింది. రాయలసీమకు హైకోర్టు అన్న 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక మాటను ఈ ప్రాంతం నేటికీ గుర్తుచేస్తూనే ఉంది. అప్పులపాలైన మనిషికి అమరావతి బస్సు ఛార్జీ కూడా లెక్కే.

అదృష్టవశాత్తు ఐపీలో మొదటి అప్పీలుకు అంత దూరం అక్కర్లేదు. ఐపీలు సాధారణంగా సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేస్తారు. ఆ కోర్టు ఉత్తర్వు మీద అప్పీలు జిల్లా కోర్టుకు. ఆదోనిలో సీనియర్ సివిల్ జడ్జి కోర్టూ ఉంది, అదనపు జిల్లా కోర్టూ ఉంది. జిల్లా కోర్టు అప్పీలులో చెప్పిందే ఆఖరి మాట అని చట్టం అంటూనే, ఆ తీర్పు చట్టప్రకారం ఉందా లేదా అని చూసుకునే రివిజన్ అధికారాన్ని హైకోర్టుకు ఉంచింది. ఫలానా ఆస్తి ఎవరిది, ఎవరి బాకీ ముందు అన్నలాంటి తగవులను 4వ సెక్షన్ కింద తేల్చినప్పుడు మాత్రం, న్యాయపరమైన ప్రశ్న ఉంటే, హైకోర్టుకు రెండో అప్పీలు కూడా ఉంది. కేసు మొదటే జిల్లా కోర్టులో నడిస్తే అప్పీలు హైకోర్టుకు. చట్టం చివర ఉన్న మొదటి షెడ్యూలులో పేర్కొన్న ఉత్తర్వుల మీద నేరుగా, మిగతావాటి మీద అనుమతి తీసుకుని వెళ్ళాలి.

75వ సెక్షన్‌లో మొదటి పేరు

అప్పీలు హక్కు ఎవరికి ఉందో 75వ సెక్షన్ వరసగా చెబుతుంది: అప్పుదారు, అప్పులిచ్చినవారిలో ఎవరైనా, రిసీవరు, ఆపైన ఉత్తర్వు వల్ల నష్టపడిన మరే వ్యక్తయినా. ఆ వరసలో అందరికంటే ముందున్నది అప్పుదారు. చట్టం రాసినవాళ్ళు అతణ్ణి ‘మరే వ్యక్తయినా’ అన్న గంపలో వేసి, నువ్వు నష్టపడ్డావో లేదో ముందు రుజువు చేసుకో అని గుమ్మం దగ్గరే నిలబెట్టలేదు. పేరు పెట్టి పిలిచారు.

మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలకు వర్తించే 1909 చట్టంలో ఇలా లేదు. అక్కడ ‘నష్టపడిన వ్యక్తి’ అన్న మాటే ఉంది. ఆ మాట ఇంగ్లండు నుంచి వచ్చింది. దానికి అర్థం అక్కడ 1880లో సైడ్‌బాథమ్ కేసులో స్థిరపడింది. దివాలా తీసిన మనిషి, మన రిసీవరు లాంటి ట్రస్టీ వ్యవహారంలో వచ్చిన ఉత్తర్వు మీద అప్పీలుకు వెళ్ళాడు. ఆశించింది రానంత మాత్రాన నష్టపడినట్టు కాదనీ, ఉత్తర్వు తన చట్టబద్ధమైన హక్కును తీసేసి ఉండాలనీ, లేదా తనకు దక్కవలసినదాన్ని నిరాకరించి ఉండాలనీ కోర్టు చెప్పి అతణ్ణి తిప్పిపంపింది. ఈ కొలతను మన కోర్టులు కూడా చాలాసార్లు వాడాయి. కాబట్టి 75వ సెక్షన్‌లో పేరున్నా, ఏ ఉత్తర్వు వల్ల తనకు ఏం పోయిందో చూపించడం అప్పుదారుకు ఎప్పుడూ మంచిదే.

కొన్ని ఉత్తర్వుల విషయంలో ఎలాంటి సందేహమూ లేదు. అప్పుదారు తానే వేసుకున్న పిటిషన్‌ను కోర్టు కొట్టేస్తే అప్పీలు చేయవచ్చు. అప్పు తీర్చలేని స్థితిలో ఉన్నానని అతను పైకి కనిపించే ఆధారం చూపితే చాలని 24వ సెక్షన్ చెబుతుంది. అంతకుమించిన రుజువు అడిగి కొట్టేస్తే అప్పీలుకు అదే గట్టి కారణం. అప్పులవాళ్ళు వేసిన పిటిషన్ మీద తనను దివాలాదారుగా ప్రకటిస్తే అప్పీలు చేయవచ్చు. దివాలా నుంచి విముక్తి, అంటే డిశ్చార్జి, నిరాకరిస్తే అప్పీలు చేయవచ్చు. వేధించడానికే పిటిషన్ వేశారని తేలితే అప్పుదారుకు వెయ్యి రూపాయల దాకా పరిహారం ఇప్పించే 26వ సెక్షన్ ఉత్తర్వు మీద కూడా అప్పీలు ఉంది. ఆ వెయ్యి ఈనాడు వకీలు గుమస్తా ఖర్చుకు కూడా చాలదు.

దివాలా ప్రకటన మీద అప్పీలుకు అభ్యంతరం ఎందుకు ఉండదో గమనించాలి. ఆస్తి పోయింది నిజమే, కానీ ఆ ఉత్తర్వు తాకింది ఆస్తిని ఒక్కదాన్నే కాదు, మనిషి హోదాను. డిశ్చార్జి కాని దివాలాదారు శాసనసభకు, పార్లమెంటుకు అనర్హుడని రాజ్యాంగమే 191, 102 అధికరణాల్లో చెప్పింది. స్థానిక సంస్థలకూ అనర్హుడని 73వ సెక్షన్. ఊళ్ళో నలుగురిలో తిరిగే మనిషికి ఇది చిన్న దెబ్బ కాదు. ఆ దెబ్బ తన ఒంటి మీద పడింది కాబట్టి తన తరఫున రిసీవరు మాట్లాడతాడని ఎవరూ అనలేరు.

అప్పీలుకు వెళ్ళడం ఒకటి, గెలవడం ఒకటి. ఆంధ్ర నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1966 నాటి లా రిపోర్టుల్లో అచ్చైన ఒక కేసులో అప్పుదారు ఇలాగే దివాలా ప్రకటన మీద పోరాడాడు. అతనికి వినిపించుకునే హక్కు లేదని ఎవరూ అనలేదు. తేల్చింది వేరే సంగతి. అప్పులవాళ్ళకు అందకుండా ఆస్తి రాసేయడం లాంటి దివాలా చర్య ఒకసారి జరిగాక, పిటిషన్ వేసినవాడి బాకీ ఒక్కటీ కట్టేసి దాన్ని తుడిచేయడం కుదరదు. ఆ చర్య అప్పులవాళ్ళందరికీ ఉమ్మడి ఆధారం కాబట్టి అందరి బాకీలూ తీర్చాలి, లేదా తీర్చగల స్థోమత చూపించాలి. ఆదోని వ్యాపారులు తరచు చేసే పొరపాటు ఇదే. గట్టిగా అడిగినవాడికి కట్టేసి, కేసు అయిపోయిందనుకుంటారు. 14వ సెక్షన్ ప్రకారం కోర్టు అనుమతి లేకుండా పిటిషన్ వెనక్కి తీసుకోవడం కూడా కుదరదు.

రిసీవరు అమ్మే గోడౌను

చిక్కుముడి అసలు బిగిసేది ఇక్కడే. దివాలా ఉత్తర్వు తర్వాత ఆస్తి రిసీవరు చేతికి వస్తుంది. 28వ సెక్షన్ ప్రకారం ఆ ఉత్తర్వు పిటిషన్ వేసిన తేదీ నుంచే అమలైనట్టు లెక్క. అప్పటి నుంచి ఆస్తికి సంబంధించిన దావాలు రిసీవరే నడపాలి, రిసీవరు మీదనే నడవాలి. తాకట్టు పెట్టిన ఆస్తిని విడిపించుకునే హక్కు కూడా రిసీవరుదేనని, అతణ్ణి పార్టీగా చేర్చకుండా తెచ్చుకున్న డిక్రీ అతణ్ణి కట్టిపడేయదని ప్రీవీ కౌన్సిల్ 1927లో చెప్పింది. అలాంటి దావాల్లో అప్పుదారు సొంతంగా అప్పీలు చేయడం కష్టం.

కానీ రిసీవరు చేసిన పని మీదనే ఫిర్యాదు ఉంటే? 68వ సెక్షన్ తలుపు తెరిచి ఉంచింది. రిసీవరు చర్య వల్ల గానీ నిర్ణయం వల్ల గానీ నష్టపడిన దివాలాదారు, అప్పులవాళ్ళలో ఎవరైనా, ఇతరులెవరైనా కోర్టును ఆశ్రయించవచ్చు. ఇక్కడా పేర్ల వరసలో మొదటిది దివాలాదారే. కోర్టు ఆ చర్యను ఖాయం చేయవచ్చు, మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. గడువు 21 రోజులు. కోర్టు ఇచ్చిన ఉత్తర్వు నచ్చకపోతే అప్పుడు 75వ సెక్షన్ అప్పీలు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఆదోనిలో ఒక కమీషన్ వ్యాపారికి తాకట్టు లేని అప్పులు 62 లక్షలు అనుకుందాం. ఆస్తి ఒక గోడౌను, ఎనిమిది ఎకరాల పొలం. గోడౌనును రిసీవరు 30 లక్షలకు అమ్మబోతున్నాడు. యాభైకి తక్కువ పోదని వ్యాపారి అంటాడు. పొలం 25 లక్షలు. రిసీవరు ధర ప్రకారం మొత్తం 55 లక్షలు, అప్పులకే చాలదు. వ్యాపారి చెప్పిన ధర వస్తే 75 లక్షలు. అప్పులు, వడ్డీ, ఖర్చులు పోగా మిగిలితే ఆ మిగులు దివాలాదారుదేనని 67వ సెక్షన్ రాసిపెట్టింది. అంటే గోడౌను ధరలో అతనికి నేరుగా వాటా ఉంది. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ కోర్టులు చూసేది ఈ మిగులునే. మిగులు వచ్చే అవకాశం చూపిస్తే వింటారు, లేదంటే నీకేం నష్టమని పంపేస్తారు.

ఇప్పుడు పొలం లేదనుకుందాం. ఆస్తి ఒక్క గోడౌనే. ముప్ఫైకి పోయినా, యాభైకి పోయినా మిగులు రాదు. మిగులే కొలతైతే ఈ మనిషి నోరు మూసుకోవాలి. కానీ మన చట్టంలో 42వ సెక్షన్ ఒకటి ఉంది. తాకట్టు లేని అప్పుల్లో రూపాయికి అర్ధరూపాయి విలువైనా ఆస్తి లేకపోతే పూర్తి డిశ్చార్జి ఇవ్వకూడదని అది చెబుతుంది. తన చేతిలో లేని కారణాల వల్ల అలా జరిగిందని రుజువు చేస్తేనే మినహాయింపు. 62 లక్షల్లో సగం 31 లక్షలు. గోడౌను ముప్ఫైకి పోతే అతను గీతకు లక్ష కింద, ముప్ఫైరెండుకు పోతే లక్ష పైన. ఆ రెండు లక్షల తేడా అతని జేబులోకి రాదు. దివాలా ముద్ర చెరిగి మళ్ళీ అంగడి తెరవగలడా లేదా అన్నది మాత్రం దాని మీద ఆధారపడవచ్చు. అందుకే దివాలాదారు ఫిర్యాదును మిగులు లెక్క ఒక్కదానితో కొలవడం మన చట్టానికి సరిపడదు. ఇతర దేశాల కొలత తెచ్చి 68వ సెక్షన్ మీద పెట్టేముందు 42వ సెక్షన్ కూడా చదవాలి.

ఈ మినహాయింపు కర్నూలు పడమటి రైతుకు ప్రత్యేకంగా పనికొస్తుంది. వాన రాకపోవడం, కాయ పురుగు తినడం, మార్కెట్లో పత్తి ధర పడిపోవడం మనిషి చేతిలో ఉన్నవి కావు. మండలాన్ని కరువు మండలంగా ప్రకటించిన ప్రభుత్వ ఉత్తర్వు, పంట నష్టం రాసిన కాగితం డిశ్చార్జి పిటిషన్‌తో జతచేయాలి. కింది కోర్టులో దాఖలు చేయని కాగితాన్ని అప్పీలులో కొత్తగా చూపించడం తేలిక కాదు.

అప్పుల జాబితా విషయంలో చట్టం అప్పుదారుకు అంత చోటు ఇవ్వలేదు. తప్పుడు ప్రోనోటు ఒకటి జాబితాలోకి ఎక్కిందనుకోండి. 50వ సెక్షన్ కింద దాన్ని కొట్టేయమని రిసీవరు అడగవచ్చు, రిసీవరు కదలకపోతే మరో అప్పులవాడు అడగవచ్చు. అప్పులవాళ్ళతో రాజీ పథకం కుదిరినప్పుడే అప్పుదారు అడగవచ్చు. దొంగ నోటు సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు అప్పుదారే కదా, అతణ్ణే పక్కన పెట్టడం నాకు న్యాయంగా అనిపించదు. అందువల్ల అభ్యంతరమేదైనా 33వ సెక్షన్ కింద జాబితా తయారవుతున్నప్పుడే చెప్పుకోవాలి. ఆ ఉత్తర్వు మీద అప్పీలు ఉంది.

మగ్గం, కాడెద్దులు, కొడుకుల వాటా

రిసీవరు చేతికి వెళ్ళేది అంతా కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తు చేయకూడదన్నవి రిసీవరుకూ అందవు. చేతివృత్తివాడి పనిముట్లు, రైతు సేద్యపు సామాను, కోర్టు అవసరమని భావించినన్ని పశువులు, విత్తనాలు, రైతు గానీ కూలీ గానీ తాను కాపురముంటున్న ఇల్లు ఇందులోకి వస్తాయి. ఎమ్మిగనూరు నేతగాడి మగ్గం అతని పనిముట్టు. రిసీవరు మనుషులు వచ్చి గుంట మగ్గం పలకలు విప్పి బండికెక్కిస్తే, అక్కడ మిగులు ప్రశ్నే రాదు. ఆ మగ్గం ఏనాడూ రిసీవరుది కాలేదు. నేతగాడు తన సొంత ఆస్తి కోసం కోర్టుకు వెళుతున్నాడు. నీకు అర్హత ఉందా అని అడగడానికి ఎవరికీ వీలులేదు. పవర్‌లూములు పెట్టి కూలీలతో నడిపించే యజమాని సంగతి వేరు, అతని యంత్రాలను పనిముట్లనడం కష్టం.

ఉమ్మడి కుటుంబాల్లో ఇంకో చిక్కు. తండ్రి దివాలా తీస్తే, తన పాత అప్పుల కోసం కొడుకుల వాటా కూడా అమ్మగల తండ్రి అధికారం రిసీవరుకు దఖలు పడుతుందని 1948లో 28-ఏ సెక్షన్ చేర్చి స్పష్టం చేశారు. అప్పు అధర్మమైన పనులకు చేసిందని గానీ, వాటాలు అంతకుముందే పంచుకున్నామని గానీ కొడుకులు చెప్పదలిస్తే, వాళ్ళు అప్పుదారులుగా కాక ‘నష్టపడిన మరే వ్యక్తయినా’ అన్న మాట కింద రావాలి. దివాలాకు రెండేళ్ళలోపు బావమరిది పేరనో, కూతురి పేరనో రాసిన దస్తావేజును రిసీవరు 53వ సెక్షన్ కింద రద్దు చేయించినప్పుడు కూడా అంతే. ముందుగా నష్టపోయేది రాయించుకున్నవాడు, అప్పీలుకు సహజంగా ముందుకు రావలసిందీ అతనే. అప్పుదారు ఒక్కడే అప్పీలు వేసి, రాయించుకున్నవాడు ఊరుకుంటే, ఆ మౌనాన్ని కోర్టు ఎలా చదువుతుందో చెప్పనక్కర్లేదు.

బయటి దేశాల్లో

ఇంగ్లండులో దివాలా తీసిన మనిషి తన మీద వచ్చిన దివాలా ఉత్తర్వుపై అప్పీలు చేయవచ్చు. ఆ దివాలాకు మూలమైన డబ్బు డిక్రీ మీద మాత్రం సొంతంగా వెళ్ళలేడని 1993లో హీత్ వర్సెస్ టాంగ్ కేసులో అప్పీలు కోర్టు చెప్పింది. ఆస్తితో పాటు ఆ పోరాటం కూడా ట్రస్టీదే. అమెరికాలో 1898 చట్టంలో ఉన్న ‘నష్టపడిన వ్యక్తి’ అన్న మాటను 1978 కోడ్‌లో తీసేశారు. అయినా కోర్టులు ఆ కొలతను వదల్లేదు. ఉత్తర్వు వల్ల అప్పుదారు జేబుకు నేరుగా తగిలే నష్టం ఉందా, మిగులు వస్తుందా, డిశ్చార్జి మీద దెబ్బ పడుతుందా అని చూస్తాయి. రెండు చోట్లా న్యాయమూర్తుల భయం ఒక్కటే. పోగొట్టుకునేది ఏమీ లేని మనిషి అప్పీలు మీద అప్పీలు వేస్తూ పోతే అప్పులవాళ్ళకు పంచవలసిన డబ్బు కోర్టు ఖర్చులకే కరిగిపోతుంది. ఆ భయంలో నిజం ఉంది. రిసీవరు తప్పుచేస్తే చూసేవాడు ఎవరన్న ప్రశ్నకు మాత్రం ఆ భయం జవాబు కాదు. అప్పులవాళ్ళు తమకు రూపాయికి నాలుగణాలు వచ్చినా చాలనుకుని ఊరుకుంటారు. ధర తగ్గిందని పట్టుబట్టే ఓపిక ఉండేది ఆస్తి పోగొట్టుకున్నవాడికే.

మిల్లు కంపెనీ అయితే

జిన్నింగ్ ఫ్యాక్టరీ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా ఉంటే దారి మొత్తం మారిపోతుంది. 2016 నాటి ఇన్‌సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్ట్సీ కోడ్ కింద కేసు నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ అమరావతి బెంచికి పోతుంది. 2020 మార్చి నుంచి కనీస బాకీ కోటి రూపాయలు. పిటిషన్ స్వీకరించిన రోజునే డైరెక్టర్ల అధికారం ఆగిపోయి రిజల్యూషన్ ప్రొఫెషనల్ పగ్గాలు తీసుకుంటాడు.

అప్పీలు ఎవరు చేయాలన్నది ఇక్కడ పెద్ద ప్రశ్నే అయింది. 61వ సెక్షన్ ‘నష్టపడిన ఏ వ్యక్తయినా’ అంటుంది, 1920 చట్టంలాగా అప్పుదారు పేరు చెప్పదు. 2017 ఆగస్టు 31న ఇన్నోవెంటివ్ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు, పగ్గాలు పోయిన డైరెక్టర్లు కంపెనీ పేరు మీద అప్పీలు నడపడం కుదరదని చెప్పింది. అప్పీలు చేయదలిస్తే తమ సొంత పేరు మీద, తమకు జరిగిన నష్టం చూపిస్తూ రావాలి. 2019 జనవరి 31న స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకు కేసులో, సస్పెండైన డైరెక్టర్లకు రుణదాతల కమిటీ సమావేశాల్లో కూర్చునే హక్కూ, రిజల్యూషన్ ప్లాన్ల ప్రతులు పొందే హక్కూ ఉన్నాయంది. వాళ్ళలో చాలామంది బ్యాంకుకు సొంత పూచీ రాసి ఉంటారు కాబట్టి ప్లాన్‌లో ఏముందో వాళ్ళకూ ముఖ్యమే. 2024 అక్టోబరులో బైజూస్ కేసులో ‘నష్టపడిన ఏ వ్యక్తయినా’ అన్న మాటను విశాలంగానే చదవాలని, కేసు స్వీకరించాక అది అందరికీ సంబంధించిన వ్యవహారమవుతుందని చెప్పింది.

పూచీ సంగతి ఆదోని మిల్లు యజమానులు జాగ్రత్తగా గమనించాలి. కోడ్‌లో వ్యక్తుల దివాలాకు రాసిన మూడో భాగం 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీలకు పూచీపడ్డ వ్యక్తులకు మాత్రమే అమల్లోకి వచ్చింది. దాన్ని సుప్రీంకోర్టు 2021 మేలో, మళ్ళీ 2023 నవంబరులో సమర్థించింది. కాబట్టి ఒకే వీధిలో ఇద్దరికి రెండు చట్టాలు. మామూలు కమీషన్ వ్యాపారికి 1920 చట్టం, ఆదోని కోర్టు. పక్కింటి మిల్లు డైరెక్టరు బ్యాంకుకు పూచీ రాసి ఉంటే కొత్త కోడ్, ట్రిబ్యునల్. రెండో మనిషి అప్పీలు చేయాలంటే నేషనల్ కంపెనీ లా అప్పిలేట్ ట్రిబ్యునల్ చెన్నై బెంచికి పోవాలి. 1954కు ముందు ఆదోని తగాదాలు హైకోర్టు కోసం వెళ్ళిన ఊరు మద్రాసు. మిల్లు తగాదాలకు ఇప్పుడు మళ్ళీ ఆ ఊరే అయింది.

గడువులు

చాలామంది అప్పుదారులు హక్కు లేక ఓడిపోరు, రోజులు దాటిపోయి ఓడిపోతారు. రిసీవరు చర్య మీద కోర్టుకు వెళ్ళడానికి 21 రోజులు. జిల్లా కోర్టుకు అప్పీలు 30 రోజులు. హైకోర్టుకు 90 రోజులు. కొత్త కోడ్ కింద అప్పీలు 30 రోజులే, తగిన కారణం చూపిస్తే ఇంకో 15, అంతకుమించి ఒక్క రోజు కూడా లేదు. 1920 చట్టం ఇంత కఠినం కాదు. లిమిటేషన్ చట్టంలోని 5, 12 సెక్షన్లు వర్తిస్తాయని 78వ సెక్షన్ చెబుతుంది. ఆలస్యానికి సరైన కారణం ఉంటే కోర్టు మన్నించవచ్చు. ఉత్తర్వు నకలు కోసం పట్టిన రోజులు లెక్కలోంచి తీసేస్తారు. కుటుంబమంతా గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గి పోయి ఉండగా ఉత్తర్వు వస్తే, ఆ వలసకు ఆధారాలు దాచుకోవాలి. అది సరైన కారణమే. కోర్టుకు చూపించగలగాలి, అంతే.

అప్పీలు వేయగానే వేలం తనంతట ఆగిపోదు. స్టే కోసం విడిగా అడగాలి. అరెస్టు భయం ఉన్నవాళ్ళు 31వ సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వు అడగవచ్చు. అసలు కట్టే స్థోమత ఉండి మొండికేసినవాణ్ణే తప్ప, లేనివాణ్ణి డబ్బు డిక్రీ కింద జైలుకు పంపకూడదని సుప్రీంకోర్టు 1980లో బ్యాంక్ ఆఫ్ కొచ్చిన్ కేసులో తేల్చింది.

వకీలుకు ఇచ్చుకోలేనివాళ్ళు అప్పీలు మాట ఎత్తడానికే జంకుతారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా, మిగతావాళ్ళకు ఆదాయ పరిమితిలోపు ఉంటే, ప్రభుత్వ ఖర్చుతో వకీలును పెట్టిస్తారు. దివాలా అప్పీలూ ఇందులోకి వస్తుంది. ఉత్తర్వు వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టి, ఆ రసీదు పట్టుకుని కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవాధికార సంఘం గదికి వెళ్ళండి.